అడవి కూడు, సంత తూకం

(ఒడిశాలోని రాయగడలో తెలుగువారి కార్తీక వనభోజనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు. మైకు కాస్త కుయ్యిమంటోంది, వెనకాల వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని, గొంతుకి లోటు లేదు.

నన్ను పిలిచినవాళ్ళు "అడవి తిండి, ఆరోగ్యం" గురించి మాట్లాడమన్నారు. ఆరోగ్యం గురించి చెప్తాను గానీ కొంచెమే. అడవి తిండి అనగానే మనవాళ్ళ నోట రెండు మాటలు వస్తాయి. "పాపం, గతిలేక ఆకులూ దుంపలూ తింటారండీ" అనేది పాతది. "అదంతా సూపర్ ఫుడ్ అండీ, మనమే తెల్లన్నం తిని షుగర్ తెచ్చుకున్నాం" అనేది కొత్తది. ఇది ఫోన్లలో వచ్చింది. మొదటిదాన్లో జాలి ఉంది, రెండోదాన్లో ఆశ ఉంది. ఆ తిండిని ఏరి, ఎండబెట్టి, వండే మనిషి మాత్రం రెండింట్లోనూ కనపడదు.

నా మాట ఇంతే. ఆ తిండి వెనక ఒక ఏర్పాటు ఉంది. ఏది ఏ నెలలో తీయాలి, ఎంత తీసి ఎంత వదలాలి, దేని విషం ఎలా దించాలి, ఏ కొండ ఎవరి ఊరిది అన్నదంతా అందులో ఉంది. ఆ ఏర్పాటు వాళ్ళ చేతుల్లో ఉన్నంతకాలం అది తిండి. చేయి దాటితే ఏమవుతుందో మన జిల్లాలోనే చూశాం. దాని దగ్గరికి వస్తాను.

ముందు మన సంగతి. ఇవాళ ఉసిరి చెట్టు కింద కూర్చున్నాం. ఇంకాసేపట్లో అడ్డాకు విస్తళ్ళు వేస్తారు. ఆ ఆకు ఏ తోటలోనూ పెంచింది కాదు, కొండమీద తీగనుంచి కోసి, వెదురు పుల్లలతో కుట్టింది. పులుసులో చింతపండు కొండది. పసుపూ అల్లం నియమగిరి వాలుల్లోవి. ఇంట్లో చీపురు కొండచీపురు. అంటే అడవికి దూరంగా ఉన్నామని మనం అనుకుంటామే తప్ప, రోజూ అడవి మీదే బతుకుతున్నాం. వినాయకచవితికి ఇరవై ఒక్క పత్రి పేర్లు గడగడా చదువుతాం, అందులో సగం ఆకులు ఎదురుగా పెడితే గుర్తుపట్టలేం. నన్నూ కలుపుకునే అంటున్నాను.

మనం ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళం కూడా కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా, జయపురం సంస్థానం. రాయగడ వేరే జిల్లా అయింది 1992లో. ఉప్పు, ఎండుచేప, గుడ్డ పట్టుకుని కింద నుంచి ఎక్కి వచ్చిన తెలుగు వర్తకులు చింతపండు, ఇప్పపువ్వు, తేనె పట్టుకుని దిగేవారు. ఆ బేరంలో పెరిగిన కుటుంబాలు ఇక్కడే చాలా ఉన్నాయి. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులుగారూ మనవాళ్ళే. రెండూ మన చరిత్రే. పంతులుగారి ఫొటోకి దండ వేసేటప్పుడు సంతలో మనవాళ్ళ తూకం రాయిని, అందులోని మోసాన్ని మరిచిపోకూడదని నా ఉద్దేశం.

సరే, అడవి వంటింట్లోకి వెళ్దాం. 2011 లెక్కల ప్రకారం మన జిల్లా జనాభాలో దాదాపు 56 శాతం ఆదివాసులు. కొంధులు, వాళ్ళలో నియమగిరి డోంగ్రియా కొంధులు, గుణుపురం వైపు సవరలు. వాళ్ళ ఏడాది మన పంచాంగంలా ఉగాదితో కాదు, తిండితో తిరుగుతుంది. కార్తీకం నుంచి పుష్యం దాకా పంట ఇంటికి వస్తుంది. చోళ్ళు, అంటే రాగులు, సామలు, కొర్రలు, కందులు, అలసందలు. అప్పుడు అడవికి వెళ్ళేది సరదాకీ, కట్టెలకీ. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి జీలుగు కల్లు, దాన్నే ఇక్కడ సలప అంటారు. తర్వాత ఇప్పపువ్వు రాలుతుంది. మనవాళ్ళకి ఇప్పపువ్వు అంటే సారాయే గుర్తొస్తుంది. వాళ్ళింట్లో అది ఎండబెట్టి, వేయించి, నువ్వులతోనో చింతగింజలతోనో కలిపి తినే వస్తువు. గింజ నుంచి నూనె తీస్తారు. వైశాఖంలో తునికిపండ్లు, మొర్రిపండ్లు, పనస, మామిడి. మామిడికి ఒక కట్టుబాటు ఉంది. కొత్త మామిడి పండగ చేసి దేవతకు పెట్టేదాకా చెట్టు మీద చెయ్యి వెయ్యరు. మనం దాన్ని ఆచారం అనేసి ఊరుకుంటాం. కాయ ముదిరేదాకా ఎవడూ ముందుగా కోసుకుపోకుండా ఊరంతా ఒక తేదీకి ఒప్పుకోవడం అది. అటవీశాఖ గార్డు లేకుండా నడిచే కాపలా.

అసలు పరీక్ష ఆషాఢంతో మొదలవుతుంది. గాదె అడుగు తేలుతుంది. విత్తనం వేశాక పంట రావాలంటే నాలుగు నెలలు. ఈ ఆషాఢ శ్రావణ భాద్రపదాల్లోనే అడవి ఎక్కువ పెడుతుంది. మొదటి వానకి వెదురు కొమ్ములు, వీటిని ఇక్కడ కరడి అంటారు. చెదపుట్టల మీద పుట్టగొడుగులు. చేలగట్ల మీద తగిరిస, పొన్నగంటి, గలిజేరు, చెంచలి, ఎవరూ విత్తకుండా మొలిచేవి. దేవకాంచనం లేత ఆకు, కొలియారి శాగ అని సంతలో కట్టలు కట్టి అమ్ముతారు చూడండి, అది. గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, పీతలు, నత్తలు, చిన్న చేపలు. మామిడి చెట్ల మీద ఎర్రచీమల గూళ్ళు, వాటి గుడ్లతో సహా దంచి పచ్చడి. ఈత చెట్టు మొదట్లో బొడ్డెంగులు. ముక్కు చిట్లించకండి. పురుగుల్ని తినే అలవాటు గురించి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో పెద్ద నివేదికే వేసింది, లోకంలో 1,900 రకాలకు పైగా తింటారని. రొయ్యల వేపుడు లొట్టలేసుకుంటూ తినే మనం చీమని చూసి చిట్లించడం కొంచెం అన్యాయం.

ఇప్పుడు దుంపల సంగతి కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే నేను చెప్పే ఏర్పాటు అందులో చక్కగా కనపడుతుంది. అడవి పెండలం జాతిలో తీపివీ ఉన్నాయి, చేదువీ ఉన్నాయి. చేదు దుంప ఊరికే ఉడకబెట్టి తింటే వాంతులు, తల తిరుగుడు, మోతాదు మించితే ప్రాణమే పోతుంది. దాన్ని తిండిగా మార్చే పద్ధతి ఇలా ఉంటుంది. దుంపను ఉడికించి తోలు తీస్తారు. రూపాయి బిళ్ళ మందాన చక్రాలు కోస్తారు. మందం పెరిగితే లోపలి చేదు దిగదు, అందుకని కోసేది ఇంట్లో చెయ్యి తిరిగిన ఆడమనిషే. ఆ చక్రాల్ని వెదురుబుట్టలో వేసి, పారే గెడ్డలో రెండు రాళ్ళ మధ్య ఇరికించి రాత్రంతా ఉంచుతారు. నిలవ నీరు పనికిరాదు, నీరు పారాలి. పొద్దున ఒక ముక్క నాలుక చివర పెట్టి చూస్తారు. చురుక్కుమంటే బుట్ట మళ్ళీ నీళ్ళలోకి. కొన్ని రకాలకి బూడిద కూడా కలుపుతారు. ఆ తర్వాత మళ్ళీ ఉడికించి, ఉప్పేసుకుని తినడం. దీనికి ఏం కావాలో చూడండి. ఏ తీగది ఏ దుంపో తెలిసిన కన్ను కావాలి, కోసే చెయ్యి కావాలి, పారే గెడ్డ కావాలి, ఒక రోజున్నర తీరిక కావాలి. గెడ్డ ఎండిపోతే చేదు దుంప తిండి కాదు. కూలికి పొద్దున్నే ఆటో ఎక్కాల్సిన ఇంట్లో కూడా తిండి కాదు.

తవ్వేటప్పుడు ఇంకో పద్ధతి. తీగ అంటుకుని ఉన్న తలభాగం కోసి గోతిలోనే వదిలి మట్టి కప్పేస్తారు. మరుసటి ఏడు అక్కడే మళ్ళీ దుంప. మార్కెట్ కోసం తవ్వేవాడికి ఆ గోతిలోకి మళ్ళీ వచ్చే పని ఉండదు కాబట్టి మొత్తం లాగేస్తాడు. సస్టైనబుల్ అని మీటింగుల్లో పెద్దపెద్ద మాటలు వింటాం. నా మట్టుకు నాకు గోతిలో వదిలిన ఆ తలకాయ ముక్క కంటే ఎక్కువ చెప్పలేదు ఏ మీటింగూ.

ఇక నేను చెప్తానన్న కష్టమైన సంగతి. 2001 ఆగస్టులో మన జిల్లా కాశీపూర్ బ్లాకులో మామిడి జీడి (టెంక లోపలి పప్పు) జావ తాగి ఇరవై మంది దాకా చనిపోయారని పత్రికలన్నీ రాశాయి. ఢిల్లీ నుంచి కెమెరాలు వచ్చాయి. ఆకలి చావులని ఒక పక్షం, విషాహారమని ఇంకో పక్షం. ఇరవై మూడేళ్ళ తర్వాత, 2024 నవంబరు మొదట్లో, కంధమాల్ జిల్లా మండిపంకలో మళ్ళీ అదే జావ, మళ్ళీ ఆడవాళ్ళ చావులు. రేషన్ బియ్యం అయిపోయి ఇంట్లో గింజ లేదని అప్పుడూ వార్తలు.

దీన్ని చూసి "చూశారా, ఆ తిండే విషం" అన్నవాళ్ళున్నారు. మామిడి జీడి విషం కాదు. కొంధుల ఇళ్ళలోనూ, కింద శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలోనూ తరతరాలుగా తింటున్నారు. వేసవిలో టెంకలు పోగుచేసి ఎండలో పెట్టి, పగలగొట్టి, జీడి తీసి మళ్ళీ ఎండబెడతారు. పొయ్యి మీద అటక ఉంటుంది, పొగ తగిలేచోట బుట్టలో దాస్తారు. కావలసినప్పుడు దంచి, గుడ్డలో కట్టి, పారే నీళ్ళలో వగరు పోయేదాకా ఉంచి, జావ కాస్తారు. చేదు దుంప పద్ధతే ఇంచుమించు. ఎక్కడ చెడుతుందంటే, సరిగ్గా ఎండకముందే ముసురు పట్టినా, అటక మీద పొగ తగలకపోయినా, గట్టి వర్షంలో చెమ్మ ఎక్కినా బూజు పడుతుంది. బూజు పట్టిన జీడి విషమే. మామూలు ఏడాదిలో ఆ ఇల్లాలు వాసన చూసి పారేస్తుంది. ఇంట్లో చోళ్ళు ఉంటాయి, బియ్యం ఉంటాయి, పక్కింట్లో అప్పు పుడుతుంది. ఏదీ లేని ఏడాది పారేయడానికి మనసొప్పదు. కడిగి కాస్తుంది. అంతే జరిగింది అక్కడ.

అందుకే ఆకలి చావా, విషాహారమా అనే వాదన నాకు అర్థం కాదు. పోషకాహారం పాఠంలో మేం మొదట చెప్పేది, పళ్ళెంలో ఎన్ని రకాలున్నాయి అని. పది రకాల్లో ఒకటిగా ఉన్నప్పుడు మామిడి జీడి జావ మంచి తిండి. ఒక్కటే మిగిలినప్పుడు అదే చంపుతుంది. మిగతా తొమ్మిది ఎక్కడికి పోయాయన్నది అడగాల్సిన ప్రశ్న.

ఆ తొమ్మిది పోవడంలో బియ్యం పాత్ర కొంత ఉంది. రేషన్‌ని తక్కువ చేసి మాట్లాడను. 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, మరీ పేద కుటుంబానికి 35 కిలోలు వస్తున్నాయి కాబట్టే చాలా ఇళ్ళలో శ్రావణం గడుస్తోంది. అది ఆపమనేవాడు శ్రావణంలో ఆ ఊళ్ళలో ఒక వారం ఉండి చూడాలి. కానీ బియ్యం ఒక్కటే వస్తే కడుపు నిండుతుంది, ఒంట్లో రక్తం పట్టదు. కేంద్ర ప్రభుత్వం 2019-21లో చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశా ఆడవాళ్ళలో 64 శాతం మందికి రక్తహీనత తేలింది. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో పది దాటితే గొప్ప. మన బామ్మలు చోడి అంబలి తాగి పొలం పనికి వెళ్ళినవాళ్ళే. మనం పట్నం చేరి అన్నం తినడం గౌరవం అనుకున్నాం, మనల్ని చూసి కొండ మీది పిల్లవాడూ అంబలి డబ్బా హాస్టల్లో దాచుకుంటున్నాడు.

రెండోది పత్తి. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, మనవాళ్ళ వ్యాపారం ఉంది. డోంగరం అనే కొండవాలు మీద కొంధుల చేను చూసినవాళ్ళకి తెలుసు, ఒకే చేలో చోళ్ళు, సామలు, కందులు, వలిసెలు, ఆముదం, చిక్కుళ్ళు అన్నీ కలిసి ఉంటాయి. మధ్యలో ఎవరూ వేయని కూరాకులు. ఆ చేలలోకి గత ఇరవై ఏళ్ళలో పత్తి వచ్చింది. దాని వెనకే గడ్డిమందును తట్టుకునే పత్తి విత్తనం వచ్చింది, మన దేశంలో అనుమతి లేనిది. పేరు లేని ప్యాకెట్లలో ఆంధ్రా, తెలంగాణ వైపు నుంచి ఎక్కి వస్తుంది. ఆ విత్తనం వేశాక గడ్డిమందు కొడతారు. పత్తి తప్ప పచ్చగా ఉన్నదంతా మాడిపోతుంది. అమ్మేవాడి లెక్కలో మాడింది కలుపు. ఆ ఇల్లాలి లెక్కలో శ్రావణ మాసం కూర. తగిరిస, గలిజేరు, చెంచలి, నేను ఇందాక చదివిన పేర్లు చాలావరకు ఆ చేనిగట్ల మీదివే. పత్తి డబ్బు ఇస్తుంది, కాదనను. ఆ డబ్బు దీపావళికి చేతికొస్తుంది. కూర కావలసింది శ్రావణంలో. అప్పటికి షావుకారు దగ్గర అప్పు. యూకలిప్టస్, సుబాబుల్ తోటల సంగతీ అంతే. ఆ చెట్ల కింద పుట్టగొడుగుల కోసం ఎవరూ బుట్ట పట్టుకుని వెళ్ళగా నేను చూడలేదు.

ఈ సభలో విత్తనాల దుకాణం ఉన్నవాళ్ళుంటే, ఆ పేరు లేని ప్యాకెట్ ఒక్కటి అమ్మడం మానండి. ఇది విన్నపం. నా మీద కోపం వస్తే భోజనాల దగ్గర తిట్టండి.

సంత గురించి ఒక్క దృశ్యం చెప్తాను. బుధవారం చాటికొన సంత చాలామంది చూసే ఉంటారు. డోంగ్రియా కొంధులు కొండ దిగి వస్తారు, అనాస, పసుపు, అల్లం, పనస, అరటి మోసుకుని. వానాకాలంలో ఒక పెద్దావిడ అడ్డాకు పరిచి పుట్టగొడుగులు ఐదు కుప్పలు పెట్టింది. పొద్దున తీసినవి, ఇంకా మట్టి అంటుకుని ఉంది, గొడుగు విచ్చుకోనివన్నీ ఒకవైపు సర్దింది. మన టౌను నుంచి బండి మీద వెళ్ళిన ఒకాయన "అపా, మొత్తం ఎంత" అన్నాడు. అక్కా అన్నాడు, అది నాకు నచ్చింది, చాలామంది ఏమే అంటారు. బేరమాడి నాలుగు కుప్పలు తీసుకున్నాడు. ఐదోది ఆవిడ తీసి ఆకులో చుట్టి కొంగులో కట్టుకుంది. ఈయన రెట్టింపు ఇస్తానన్నాడు. తల అడ్డంగా ఊపింది. ఇంకో పది కలిపాడు. ఆవిడ నవ్వి, ఉప్పు కొట్టు వైపు వెళ్ళిపోయింది.

ఆ ఐదో కుప్ప మీద నాకు బెంగ. ఇవాళ రెట్టింపుకి ఇవ్వలేదు. ఇంట్లో జ్వరం ఉన్న రోజు, పిల్లాడికి ఫీజు కట్టాల్సిన రోజు రెట్టింపు అక్కర్లేదు, మామూలు ధరకే ఇచ్చేస్తుంది. ఊరంతా అలా ఇచ్చేస్తే భువనేశ్వర్, విశాఖ, హైదరాబాద్ హోటళ్ళలో అడవి పుట్టగొడుగుల కూర మెనూలోకి ఎక్కుతుంది, ఆవిడ కొంగులో రేషన్ బియ్యం మిగులుతుంది. సూపర్ ఫుడ్ అనే మాటంటే నాకు భయం ఇందుకే. చోళ్ళు, సామలకు మంచి ధర రావడం మంచిదే. పండించేది కాబట్టి ధర పెరిగితే ఇంకో ఎకరం వేస్తారు. పుట్టగొడుగుని ఇంకో ఎకరం వెయ్యలేరు. అది ఎంత వస్తే అంతే. అందుకని సాగు చేసే కొండ పంట వేరు, అడవిలో ఏరే తిండి వేరు. మొదటిదాన్ని ఎంతైనా కొనండి. రెండోదాన్ని మిగులు మాత్రమే కొనాలి, బేరం లేకుండా కొనాలి.

ప్రభుత్వం చేసినవాటిలో మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి. 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్స్ మిషన్ చోళ్ళను మద్దతు ధరకు కొని, రేషన్‌లోనూ, అంగన్‌వాడీ లడ్డూల్లోనూ పెట్టింది. కొనడం, వడ్డించడం రెండూ అక్కడికక్కడే జరిగాయి. అదే దాని బలం. కొరాపుట్ సంప్రదాయ సాగుని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ స్థాయి వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. పాత్రపుట్ గ్రామపు కమలా పూజారి దేశవాళీ వరి విత్తనాలు కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. మన మునిగుడ దగ్గర కెరండిగుడలో డాక్టర్ దేబల్ దేబ్ బసుధ అనే తన పొలంలో వెయ్యికి పైగా వరి రకాలు ఏటా వేసి విత్తనం నిలబెడుతున్నారు. పిల్లల్ని పార్కులకి తీసుకెళ్ళే బదులు ఒకసారి అటు తీసుకెళ్ళండి. 2024 జనవరిలో మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి, కొరాపుట్ కాలాజీరా బియ్యానికి, డోంగ్రియాల కప్డాగండ శాలువాకి జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే పచ్చడికి గుర్తింపు వచ్చినంత మాత్రాన చీమలు గూడు కట్టే చెట్టు మీద ఆ ఊరికి హక్కు వచ్చినట్టు కాదు.

హక్కు ఇచ్చింది 2006 అటవీ హక్కుల చట్టం. చిన్నతరహా అటవీ ఉత్పత్తులు అంటే ఏమిటో అందులో రాసి ఉంది. వెదురు, తేనె, లక్క, తునికాకు, వేర్లు, దుంపలు. వాటి మీద యాజమాన్యం ఏరుకునేవాళ్ళది. తమాషా ఏమిటంటే, తేనె, లక్క లాంటివాటి పేర్లు చేర్చినా ఆ నిర్వచనం మొక్కల నుంచి వచ్చేవాటికే. అందులో చీమల ఊసు లేదు, ఢిల్లీలో రాసినవాళ్ళకి తట్టి ఉండదు. ఈ చట్టం బలం ఏమిటో మన నియమగిరిలోనే తేలింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, కొండ మీద బాక్సైట్ తవ్వకం సంగతిలో గ్రామసభల మాట తీసుకోవాలంది. ఆ ఏడాది రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం 12 పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఇది మా దేవుడు నియమరాజా కొండ అన్నారు. మన పత్రికలు దేవుడి మాట పెద్దక్షరాల్లో వేశాయి. కొండ తవ్వితే గెడ్డలు ఎండుతాయన్న భయం కూడా ఆ సభల్లో ఉంది. గెడ్డ ఎండితే చేదు దుంప ఏమవుతుందో ఇందాకే చెప్పుకున్నాం.

మహారాష్ట్ర వైపు సిరోంచ, అహేరిలో చుట్టాలున్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, గడ్చిరోలి జిల్లా మెంఢా లేఖా గోండు గ్రామానికి 2009లోనే ఊరి అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. 2011లో వెదురు రవాణా పర్మిట్లు గ్రామసభ చేతికే ఇచ్చారు. తమ వెదురు తామే వేలం వేసి అమ్ముకున్నారు. ధర ఊరు చెప్పింది, కొనేవాడు విన్నాడు. మన వైపు ఇంకా చాలా ఊళ్ళలో ఇంటింటికీ విడిగా భూమి పట్టాలతో సరిపెట్టారు, ఊరి అడవికి పట్టా రాలేదు. అందరినీ కలుపుకోవడాన్ని ఇన్‌క్లూజివ్ అంటారు కదా, దానికి నాకు తెలిసిన అర్థం ఊరి అడవికి పట్టా ఇవ్వడం. సభలో ఆదివాసీ నృత్యం పెట్టించడం కాదు.

ఇంకొక్క విషయం, హాస్టళ్ళు. ఆరేళ్ళ పిల్లని ఆశ్రమ పాఠశాలలో వేస్తే పదహారేళ్ళకి బయటికి వస్తుంది. చదువు రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పదేళ్ళూ శ్రావణంలో ఆ పిల్ల అడవిలో లేదు. ఏ దుంప చేదు, ఏ గొడుగు విషం, జీడి ఎంత ఎండాలి అన్నది పుస్తకంలో లేదు, అమ్మ వెనక నడిస్తే వచ్చేది. సెలవులకి వచ్చి పుట్టగొడుగు తెచ్చుకుంటే గుర్తుపట్టలేక ప్రమాదం. నా కోరిక ఏమంటే, హాస్టల్ కూరగాయల టెండర్‌లో వారానికి రెండు రోజులు ఆ చుట్టుపక్కల మహిళా సంఘాల దగ్గర కూరాకులు, దుంపలు కొనాలి. వండటానికి తల్లులనే పిలవాలి. మన తెలుగువాళ్ళలో హాస్టళ్ళకి సరుకు వేసే కాంట్రాక్టర్లు ఉన్నారు. మొదట వాళ్ళే ఒప్పుకోరని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

చిట్టీలు వచ్చాయి. టైము ఉన్నంతవరకు చెప్తాను.

"అడవి పుట్టగొడుగు విషమా కాదా ఎలా తెలుస్తుంది? వెల్లుల్లి వేస్తే నల్లబడుతుందంటారు." నల్లబడదు, వెండి స్పూనూ నల్లబడదు. ఇంట్లో చేసే ఏ పరీక్షా పనికిరాదు. మీరు ఏరకండి. సంతలో ఏళ్ళ తరబడి అమ్ముతున్న మనిషి దగ్గర కొనండి, ఆవిడ కూడా ఇంటికి అదే తీసుకెళ్తోందా అని చూడండి.

"చీమల పచ్చడి బీపీకి మంచిదా?" మందు అని నేను చెప్పను. తిండి అని చెప్తాను. పుల్లగా, ఘాటుగా బాగుంటుంది.

"వెదురు కొమ్ములు తెచ్చాం, కూర చేదొచ్చింది." ఇది ఎవరు రాశారో గానీ మంచి ప్రశ్న. పచ్చి కొమ్ములో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది, చేదు దానిదే. పైపొరలన్నీ వలిచి, లోపలి లేత తెల్లభాగం మాత్రం సన్నగా తరగండి. ఎక్కువ నీళ్ళు పోసి మూత పెట్టకుండా ఇరవై నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోయండి. మళ్ళీ కొత్త నీళ్ళు పోసి ఇంకోసారి. నమిలి చూస్తే చేదు లేకుండా ఉండాలి, ఉంటే మూడోసారి. అప్పుడు ఆవపెట్టి వండుకోండి, మన పనసపొట్టు కూరకి ఏమాత్రం తీసిపోదు. కరడిని పులియబెట్టి అమ్మేదైతే ఒక్కసారి ఉడికిస్తే చాలని అమ్మేవాళ్ళు అంటారు. నేనైతే దాన్నీ రెండుసార్లే ఉడికిస్తాను.